ఆపరేషన్‌కు ముందు పొగ మానాలన్న సలహా ఎక్కడి నుంచి వచ్చింది?

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చే ముందు డాక్టరు అడిగే ప్రశ్నల్లో "సిగరెట్టు, బీడీ అలవాటుందా?" అనేది ఒకటి. ఉందంటే "మానెయ్యండి" అంటాడు. రోగి తలూపుతాడు. బయటికొచ్చి ఆసుపత్రి ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టు దగ్గర ఒకటి వెలిగిస్తాడు. పెద్దవాళ్లు చెప్పే నీతివాక్యాల పద్దులో ఆ సలహాను కూడా జమ వేసేశాడన్నమాట.

కానీ అది నీతివాక్యం కాదు. ఆపరేషన్‌కు ఎన్ని వారాల ముందు మానితే ఎంత ప్రమాదం తగ్గుతుందో రోగులను లెక్కపెట్టి తేల్చిన మాట. దాని వయసు 80 ఏళ్లకు కొంచెం పైన. ఆ లెక్క ఎలా మొదలైంది, మధ్యలో ఎక్కడ దారి తప్పింది, ఎలా సరిదిద్దుకుంది అన్నది తెలుసుకోదగిన చరిత్ర. నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒక అంకె కనబడితే అది ఏ వోచరు నుంచి వచ్చిందని అడగడం మా వృత్తిలో మొదట నేర్పే పాఠం. ఈ వ్యాసం కూడా ఆ పద్ధతిలోనే రాస్తున్నాను.

అక్బరు దర్బారులో వాదన

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద పశ్చిమ తీరానికి వచ్చి, దక్కను సుల్తానుల రాజ్యాల్లో వ్యాపించింది. 1604 ప్రాంతంలో అక్బరు పంపిన అసద్ బేగ్ అనే అధికారి బీజాపూర్ నుంచి తిరిగి వస్తూ పొగాకునూ, నగిషీ చేసిన ఒక గొట్టాన్నీ తెచ్చి చక్రవర్తికి సమర్పించాడు. ఆ ముచ్చటను ఆయనే రాసిపెట్టాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగేసరికి రాజవైద్యుడు కంగారుపడి వద్దన్నాడు. మన గ్రంథాల్లో దీని ప్రస్తావన లేదు, పరీక్ష చేయని మందు, యూరోపియన్లు వాడుతున్నారని మనమూ వాడాలా అన్నది ఆయన అభ్యంతరం. అసద్ బేగ్ ఊరుకోలేదు. లోకంలో ప్రతి ఆచారమూ ఒకప్పుడు కొత్తదేనని వాదించాడు. మన పుస్తకాల్లో లేదన్న ఒక్క కారణంతో దేన్నీ తోసిపుచ్చకూడదని అక్బరు కూడా ఆయన వైపే మాట్లాడాడు.

ఈ సంఘటన చదివినప్పుడు హేతువాదులకు చిన్న చిక్కు వస్తుంది. వినడానికి అక్బరు మాటే హేతుబద్ధంగా ఉంది. గ్రంథప్రమాణం చాలదని ఆయన అన్నది ముమ్మాటికీ నిజం. అయినా ఆనాటి చర్చలో చివరికి సరైన జాగ్రత్త చెప్పినవాడు వైద్యుడే. ఆయన చెప్పిన రెండు కారణాల్లో గ్రంథంలో లేదన్నది పనికిరానిది. పరీక్ష చేయలేదన్నది మాత్రం గట్టిది. విచిత్రమేమిటంటే ఆ రెండో మాటను దర్బారులో ఎవరూ పట్టించుకోలేదు. పరీక్ష చేసి చూద్దామని ఎవరూ అనలేదు. అక్బరు అలవాటు చేసుకోలేదు గాని, ఆస్థానంలోని అమీర్లు చేసుకున్నారు. 1617లో జహంగీరు నిషేధం ప్రకటించేనాటికి పొగాకు దేశమంతా పాకిపోయింది. ఆ నిషేధాన్ని ఎవరూ లెక్కచేయలేదు.

పరీక్ష జరగడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

చుట్ట మన ఇంటిదైపోయింది

ఈలోగా పొగాకు తెలుగు నేలలో బాగా వేళ్లూనింది. చుట్ట మగవాళ్ల కాలక్షేపమైంది. కన్యాశుల్కంలో గిరీశం చుట్టను కీర్తించిన తీరు తలుచుకుని నవ్వుకోని తెలుగువాడు అరుదు. ఉత్తర కోస్తా పల్లెల్లో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఆచారంగా వచ్చింది. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు పెద్ద పంట అయింది. 1976లో కేంద్ర ప్రభుత్వం పొగాకు బోర్డును పెట్టింది కూడా గుంటూరులోనే.

రోగులు ఆసుపత్రులకు రావడం మొదలయ్యాక డాక్టర్లు తేడా గమనించారు. 1933లో ఓర్ అనే డాక్టరు తిరువాన్కూరు ప్రాంతంలో తాంబూలం, పొగాకు నమిలేవారికి వచ్చే నోటి కాన్సర్ మీద లాన్సెట్ పత్రికలో రాశాడు. 1945లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ ఖనోల్కర్ మన దేశపు అలవాట్లకూ కాన్సర్‌కూ ఉన్న లంకెను పరిశీలించి ప్రచురించాడు. అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో వచ్చే పుండ్ల మీద విశాఖపట్నం వైద్యులు తర్వాతి దశాబ్దాల్లో చాలా పని చేశారు.

ఇదంతా పొగాకు మనిషిని ఆపరేషన్ బల్ల దాకా ఎలా తీసుకొస్తుందన్న కథ. మన ప్రశ్న అది కాదు. హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, మోకాలి అరుగుదల ఎవరికైనా రావచ్చు. పొగతో సంబంధం లేని జబ్బుకు బల్ల ఎక్కినవాడికి, పొగ అలవాటున్నందువల్ల బల్ల మీదా ఆ తర్వాతా ఏమవుతుంది? ఆ ప్రశ్న వేయడానికి వైద్యులకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

మత్తుమందు మీదే నేరమంతా

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథరుతో మత్తు ఇచ్చి నొప్పి లేని ఆపరేషన్ సాధ్యమని అందరి ముందూ చూపించాడు. మరుసటి ఏడాది క్లోరోఫారం వచ్చింది. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫారంతో చనిపోయింది. అప్పటి నుంచి ఆపరేషన్ గదిలో ఎవరు చనిపోయినా అనుమానం మత్తుమందు మీదికే పోయేది.

ఆ వాదంలో హైదరాబాదుకు పెద్ద పాత్ర ఉంది. అక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారం గుండెను చంపదని, ముందు ఆగేది ఊపిరేనని, కాబట్టి నాడి మీద కాకుండా శ్వాస మీద కన్నేసి ఉంచితే చాలని గట్టిగా నమ్మినవాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చాడు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్, 1889లో రెండోది ఏర్పడ్డాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ణి పిలిపించారు. కుక్కల మీదా ఇతర జంతువుల మీదా ప్రయోగాలు చేసి లారీ అన్నదే నిజమని తేల్చారు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫారం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని ప్రయోగాలతో చూపించాడు. హైదరాబాదు తీర్పు నిలవలేదు.

నిలవకపోయినా ఆ కమిషన్లను నేను చిన్నచూపు చూడను. తర్కంతో సరిపెట్టకుండా ప్రయోగం చేశారు, ఫలితాన్ని అచ్చు వేశారు. అందుకే తర్వాతివాళ్లు తప్పు పట్టుకోగలిగారు. నేను గమనించింది ఇంకొకటి. ఈ వాదమంతా మందు గురించే నడిచింది. బల్ల మీద పడుకున్న మనిషి ఎలాంటివాడు, అతని ఊపిరితిత్తులు ఏ స్థితిలో ఉన్నాయి అన్నది చర్చకు కేంద్రం కాలేదు.

1944: రెండో మోర్టన్

దాన్ని చర్చకు తెచ్చినవాడి పేరు కూడా మోర్టనే. మొదటి మోర్టన్‌కు బంధువు కాదు. ఇంగ్లండులో మత్తు డాక్టరు. 1944లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. ఆపరేషన్ తర్వాత రోగులకు ఊపిరితిత్తుల ఇబ్బందులు, అంటే కఫం పట్టేయడం, న్యుమోనియా వంటివి, ఎవరికి వస్తున్నాయి అని లెక్క చూశాడు. పొగతాగేవారికి తాగనివారి కన్నా సుమారు 6 రెట్లు ఎక్కువగా వస్తున్నాయని తేలింది.

ఇందులో గొప్ప యంత్రమేమీ లేదు. ఒక నోటుబుక్కు, రెండు గడులు. పొగ అలవాటు ఉన్నవాళ్లు ఒక గడిలో, లేనివాళ్లు ఇంకో గడిలో. ఎవరికి ఇబ్బంది వచ్చిందో టిక్కు పెట్టుకుంటూ పోవడం. మూడు వందల ఏళ్ల కిందట అక్బరు దర్బారులో కూడా ఈ పని చేయడానికి కావలసిన సరంజామా ఉంది. అడగాలన్న ఆలోచనే లేదు.

అయితే లోకం మోర్టన్ మాట వినలేదు. అప్పుడు జరుగుతున్నది రెండో ప్రపంచ యుద్ధం. అమెరికన్ సైనికుడి తిండి పొట్లంలోనే సిగరెట్లు పెట్టి పంపుతున్న కాలం. ఆపరేషన్ చేసే సర్జన్లు, మత్తు ఇచ్చే డాక్టర్లు కూడా పెట్టె మీద పెట్టె కాల్చేవాళ్లే. ఊపిరితిత్తుల కాన్సర్‌కు పొగే ప్రధాన కారణమని 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ ఇద్దరూ, అమెరికాలో వైండర్, గ్రాహమ్ ఇద్దరూ విడివిడిగా లెక్కలు చూపించేదాకా వైద్యులలోనే చాలామందికి నమ్మకం కలగలేదు.

వీరిలో గ్రాహమ్ కథ చెప్పుకోవాలి. ఎవార్ట్స్ గ్రాహమ్ అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పెద్ద సర్జన్. 1933లో గిల్మోర్ అనే డాక్టరుకు కాన్సర్ వస్తే ఒక పక్క ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో పూర్తిగా తీసి బతికించాడు. అలా విజయవంతమైన ఆపరేషన్లలో అదే మొదటిది. గ్రాహమ్ స్వయంగా విపరీతంగా కాల్చేవాడు. పొగకూ కాన్సర్‌కూ లంకె ఉందంటే, సిగరెట్లతో పాటు నైలాన్ మేజోళ్ల అమ్మకాలు కూడా పెరిగాయి కదా అని ఎగతాళి చేసేవాడట. వైండర్ అనే వైద్య విద్యార్థి వచ్చి లెక్క తీద్దామంటే సరేనన్నాడు. లెక్క తన నమ్మకానికి ఎదురు తిరిగినా దాని కింద సంతకం పెట్టి ప్రచురించాడు. తర్వాత సిగరెట్టు మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఊపిరితిత్తుల కాన్సర్‌తోనే పోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన గిల్మోర్ ఆయన తర్వాత ఇంకా కొన్నేళ్లు బతికాడు.

మన దేశానికి చివరి చక్రవర్తిగా ఉండిన ఆరో జార్జి కథా అలాంటిదే. ఆయనకు సిగరెట్టు అలవాటు జాస్తి. 1951 సెప్టెంబరు 23న బకింగ్‌హామ్ రాజభవనంలోనే ఆపరేషన్ గది ఏర్పాటు చేసి ఎడమ ఊపిరితిత్తిని తీసేశారు. కాన్సర్ అన్న మాట ప్రజలకు చెప్పలేదు. 1952 ఫిబ్రవరి 6న, 56వ ఏట, గుండె రక్తనాళం పూడుకుపోయి నిద్రలోనే చనిపోయాడు.

పొగ ఏం చేస్తుంది, ఎంతకాలంలో విడుస్తుంది

తర్వాతి దశాబ్దాల్లో మోర్టన్ చూసినదానికి కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వీటిని కాలం వారీగా చూస్తే సలహా బాగా అర్థమవుతుంది.

మొదటిది గంటల లెక్క. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలమైనది. అంటే ఆక్సిజన్ కూర్చోవలసిన కుర్చీలో ఇది కూర్చుంటుంది. ఆపరేషన్ సమయంలో గుండెకు ఆక్సిజన్ ఎంతో అవసరం. మామూలు గాలి పీలుస్తూ ఉంటే నాలుగైదు గంటలకు ఈ వాయువు సగానికి తగ్గుతుంది. ఒక రోజు మానితే చాలావరకు పోతుంది. నికోటిన్ రక్తనాళాలను బిగించి గుండె వేగాన్ని పెంచుతుంది. అది ఇంకా త్వరగా తగ్గుతుంది. కాబట్టి ముందు రోజు మానినా గుండెకు కొంత మేలే.

రెండోది వారాల లెక్క. మన శ్వాసనాళాల లోపలి గోడకు సన్నని నూగు ఉంటుంది. అది ఊడ్చినట్టుగా కఫాన్ని పైకి తోస్తూ ఉంటుంది. పొగ ఈ నూగును చచ్చుబరుస్తుంది, కఫాన్ని పెంచుతుంది. పొట్ట మీద కోత పడిన మనిషి నొప్పికి భయపడి గట్టిగా దగ్గడు, నిండుగా ఊపిరి పీల్చడు. కఫం అడుగున పేరుకుంటుంది. ఊపిరితిత్తుల కింది భాగాలు ముడుచుకుంటాయి. న్యుమోనియాకు దారి పడుతుంది. ఈ నూగు కోలుకుని కఫం తగ్గడానికి కొన్ని వారాలు కావాలి.

మూడోది గాయం మానడం. కోత అతుక్కోవాలంటే అక్కడికి రక్తమూ ఆక్సిజన్ చేరాలి, క్రిములతో పోరాడే కణాలు బలంగా ఉండాలి. పొగ ఈ రెంటినీ దెబ్బతీస్తుంది. డెన్మార్క్‌లో సోరెన్సన్ బృందం స్వచ్ఛందంగా వచ్చినవారి ఒంటి మీద చిన్న చిన్న కోతలు పెట్టి చూసింది. 2003లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పొగతాగేవారి కోతల్లో 12 శాతం చీము పట్టాయి. ఎన్నడూ తాగనివారిలో 2 శాతమే. నాలుగు వారాలు మానినవారిలో చీము పట్టడం బాగా తగ్గింది. ఎముకలు అతుక్కోవడానికి కూడా ఇదే వరస.

1989లో లెక్క దారి తప్పింది

ఇప్పుడు ఆడిట్ చేసేవాళ్లకు ఆసక్తి కలిగించే ఘట్టం. 1989లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 200 మంది మీద ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు నెలల కన్నా ముందే మానినవారిలో 14.5 శాతం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చాయి. రెండు నెలల లోపు మానినవారిలో 57.1 శాతం మందికి వచ్చాయి. మొదటి పాఠం స్పష్టంగానే ఉంది. ఎంత ముందు మానితే అంత మంచిది.

కానీ మరో మాట కూడా బయల్దేరింది. కొద్ది వారాల ముందే మానినవారి పరిస్థితి, మానకుండా కాలుస్తూనే ఉన్నవారి కన్నా కూడా అధ్వాన్నంగా కనబడింది. దాంతో "రెండు నెలల వ్యవధి లేకపోతే ఇప్పుడు మానడం ప్రమాదం" అనే మాట వైద్య పాఠాల్లోకి ఎక్కింది. మానినవాడికి దగ్గు, కఫం మొదట్లో ఎక్కువవుతాయి కదా అని దానికో కారణం కూడా దొరికింది. ఫలితంగా ఆపరేషన్ మూడు వారాల్లో ఉన్న రోగికి ఇప్పుడేం మానక్కర్లేదులే అని చెప్పిన డాక్టర్లు ఉన్నారు. రోగికి అంతకన్నా తీపి కబురేముంది?

లెక్కల మనిషిగా ఇక్కడ రెండు అభ్యంతరాలు చెప్పాలి. ఒకటి, ఆ గుంపులు చిన్నవి. కొద్దిమందిలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే శాతం చాలా మారిపోతుంది. రెండు, కొద్ది వారాల ముందు మానిందెవరు? ఆయాసం ముదిరి భయపడి మానినవాళ్లు అందులో ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు ఇబ్బందికి కారణం మానడం కాదు, ముదిరిన జబ్బు. ఒక యూనిట్‌లో ఖర్చు పెరిగిన నెలలోనే కొత్త గుమాస్తా చేరాడని ఆ ఖర్చు అతని పద్దులో రాయలేం కదా.

ఈ అభ్యంతరం తేలడానికి 22 ఏళ్లు పట్టింది. 2011లో మైయర్స్, హాజెక్ మొదలైనవారు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, ఆపరేషన్‌కు కొద్ది వారాల ముందు మానడం వల్ల హాని ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆడిట్ భాషలో చెప్పాలంటే పారా డ్రాప్ అయింది. వైద్య శాస్త్రంలో కూడా పాఠం నుంచి పాఠానికి అలవాటుగా దిగుమతి అయ్యే నమ్మకాలు ఉంటాయి. తేడా ఏమిటంటే వాటిని తీసేసే పద్ధతి కూడా ఆ శాస్త్రంలోనే ఉంది.

డెన్మార్క్ పరీక్ష

పొగ మానినవాడు బాగుపడ్డాడంటే, అతను మొదటి నుంచీ జాగ్రత్త గల మనిషేమో అన్న సందేహం వస్తుంది. దాన్ని తీర్చాలంటే చీటీలు వేసినట్టుగా రోగులను రెండు గుంపులుగా విడదీయాలి. 2002లో డెన్మార్క్‌కు చెందిన ఆన్ మోలర్ బృందం లాన్సెట్‌లో ప్రచురించింది సరిగ్గా అలాంటి పరీక్షే.

తుంటి లేదా మోకాలి కీలు మార్పిడి కోసం వేచి ఉన్న 120 మంది పొగరాయుళ్లను తీసుకున్నారు. ఒక గుంపుకు ఆపరేషన్‌కు 6 నుంచి 8 వారాల ముందు నుంచే వారం వారం ఒక నర్సు సలహా ఇచ్చి, నికోటిన్ ప్రత్యామ్నాయాలు ఇచ్చి, మానడానికి తోడ్పడింది. రెండో గుంపును మామూలుగా వదిలేశారు. మామూలు గుంపులో 52 శాతం మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. సాయం అందిన గుంపులో 18 శాతం మందికే వచ్చింది. గాయానికి సంబంధించిన చిక్కులు 31 శాతం నుంచి 5 శాతానికి పడిపోయాయి. సిగరెట్లు తగ్గించినవారి కన్నా పూర్తిగా మానినవారికే అసలు లాభం దక్కింది.

ఖరీదైన కొత్త మందేదైనా ఇంత ఫలితం చూపించి ఉంటే మన పేపర్లలో మొదటి పేజీలో వచ్చేది. ఇక్కడ వాడింది ఒక నర్సు ఓపిక, కొన్ని వారాల గడువు.

2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ మత్తు వైద్యుల సమాఖ్య, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం కలిసి ఈ ఆధారాలను క్రోడీకరించాయి. ఆపరేషన్‌కు సుమారు 4 వారాలు లేదా అంతకు ముందే మానితే చిక్కులు గణనీయంగా తగ్గుతాయని, నాలుగు వారాల తర్వాత మానుకున్న ప్రతి అదనపు వారమూ ఫలితాన్ని 19 శాతం మెరుగుపరుస్తుందని ప్రకటించాయి.

మన దగ్గర నాలుగు వారాలు ఎక్కడికి పోతున్నాయి?

ఇదంతా చదివి మనకు అంత వ్యవధి ఎక్కడ దొరుకుతుందని అనుకోవచ్చు. దొరుకుతుంది. నాతో పనిచేసి రిటైరైన ఒకాయనకు హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. తొందరేమీ లేదన్నారు. ఇంట్లోవాళ్లు మూఢం పోనిమ్మని ఐదు వారాలు ఆపారు. తిథి, నక్షత్రం చూసి తేదీ పెట్టించారు. ఆ ఐదు వారాలూ ఆయన కంగారుతో రోజూ కాల్చేదానికి మరో రెండు ఎక్కువే కాల్చాడు. ఆపరేషన్ బాగానే అయింది. మూడో రోజు దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా కుట్ల మీద బలం పడింది. కఫం, జ్వరం, తర్వాత చీము. నాలుగు రోజుల్లో ఇంటికి రావలసిన మనిషి పదహారు రోజులు ఉన్నాడు. బిల్లు మూడింతలైంది. ముహూర్తం బలం చాలలేదని పురోహితుణ్ణి మార్చారు గాని, పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూఢం, ఆషాఢం, అమావాస్య పేరుతో ఆపరేషన్లను వారాల తరబడి వాయిదా వేయగల ఓపిక మన కుటుంబాలకు ఉంది. అదే ఓపిక, అదే వ్యవధి పొగ మానడానికి వాడుకుంటే డెన్మార్క్ వాళ్లకు వచ్చిన ఫలితం మనకూ వస్తుంది. శుక్రుడు ఆకాశంలో ఎక్కడున్నా కుట్లు అతుక్కోవడంలో తేడా రాదు. ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందన్నదానితో తేడా వస్తుంది.

హేతువాద మిత్రులకు కూడా ఒక మాట. మన సమావేశాల్లో పంచాంగాన్ని చీల్చి చెండాడిన వక్త విరామంలో మెట్ల మీద నిలబడి సిగరెట్టు వెలిగించడం నేను చాలాసార్లు చూశాను. ఆధారం ఉన్నదాన్నే నమ్ముతామని చెప్పేవాళ్లం, మన ఒంటి విషయంలో కూడా ఆధారాన్ని గౌరవించాలి. గ్రాహమ్ ఆ పని చేశాడు. తన ఎగతాళి కన్నా లెక్కనే ఎక్కువ గౌరవించాడు.

అలాగని పొగతాగేవాణ్ణి దోషిగా చూడటం కూడా సరికాదు. 2016లో ఇంగ్లండులోని యార్క్ ప్రాంతంలో పొగతాగేవారి అత్యవసరం కాని ఆపరేషన్లను ఆరు నెలల దాకా వాయిదా వేయాలని ప్రతిపాదిస్తే సర్జన్ల నుంచే నిరసన వచ్చింది. ఆ నిరసన న్యాయమైనదే. ఈ సలహా ఉద్దేశం రోగిని శిక్షించడం కాదు, తోడ్పడటం. నికోటిన్‌కు బానిసైన ఒంటిని "మానెయ్" అని గదమాయించి పంపేస్తే అతను కిళ్లీ కొట్టు దగ్గరే ఆగుతాడు. డెన్మార్క్‌లో ఫలితం తెచ్చింది గదమాయింపు కాదు, వారం వారం కూర్చుని మాట్లాడిన నర్సు.

2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దల్లో 10.7 శాతం మంది పొగతాగుతున్నారు. నమిలే పొగాకు వాడేవారు 21.4 శాతం. రెండూ కలిపి ఏదో ఒక రూపంలో వాడేవారు 28.6 శాతం. ఇంత జనాభాలో ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయో ఊహించుకోవచ్చు. కనక ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే కొన్ని పనులు చేయండి.

తేదీ అనుకున్న రోజే మానే రోజుగా పెట్టుకోండి. నాలుగు వారాలుంటే మంచిది, ఎనిమిదుంటే ఇంకా మంచిది. వారమే ఉంటే వారమే మానండి, ఒక రోజే ఉంటే ఆ రోజే మానండి. ఆలస్యంగా మానితే ప్రమాదమన్న పాత మాట నమ్మకండి. బీడీ, చుట్ట, హుక్కా కూడా పొగే. సిగరెట్టు కాదు కదా అని మినహాయింపు లేదు. ఖైనీ, గుట్కా వాడితే అదీ చెప్పండి, ఎందుకంటే వాటిలోనూ నికోటిన్ ఉంది. మత్తు డాక్టరు అడిగినప్పుడు ఇంట్లోవాళ్ల ముందు మొహమాటపడి లేదనకండి. ఆయన ఇచ్చే మత్తు, పెట్టే జాగ్రత్త మీరు చెప్పే నిజం మీదే ఆధారపడి ఉంటాయి. మానడం కష్టంగా ఉంటే నికోటిన్ చూయింగ్ గమ్ వంటివాటి గురించి డాక్టరును అడగండి. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వం తరఫున ఉచితంగా సలహా ఇస్తారు. ఒక ముఖ్యమైన హెచ్చరిక ఏమిటంటే, కాన్సర్, ప్రమాదం, అపెండిక్స్ వంటి తొందర ఆపరేషన్లను పొగ మానడం పేరుతో మీ అంతట మీరు వాయిదా వేయకండి. ఎంత ఆగవచ్చో చెప్పవలసింది సర్జనే.

అక్బరు వైద్యుడు అడిగిన పరీక్ష ఆలస్యంగానైనా జరిగింది. ఫలితం మన చేతిలో ఉంది. దాన్ని వాడుకోవడానికి పంచాంగం చూడనక్కర్లేదు, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.